లోకసంగ్రహము – బొగ్గుగనుల సీమలో స్వచ్ఛంద సేవ



ఉపన్యాసము ముగిసి ప్రసాదము పంచు వేళ మాకు తరచుగా ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, మేము పాళీల మీద పనిచేయువారము. ఒక వారము ఉదయము, ఒక వారము మధ్యాహ్నము, ఒక వారము రాత్రి. బాయి నుండి వచ్చి స్నానము చేసి దేవుని ముందు దీపము పెట్టుటకే ఓపిక చాలదు. ఇక సేవ యని ఊరిమీదికి ఎప్పుడు పోగలము? పూజ చేసికొన్న చాలదా?" ఈ మాట అడుగువారు సోమరులు కారు. ఎనిమిది గంటలు భూగర్భమున శ్రమించి వచ్చినవారు. కనుక 'సేవ చేసిన పుణ్యము వచ్చును' అని పైపైన చెప్పి వారిని పంపివేయుట మాకు తగినదిగా తోచలేదు. గోదావరిఖని, రామగుండము ప్రాంతపు జీవితములో నుండియే ఈ ప్రశ్నను విచారించి సమాధానము చెప్పుటకు ఇచట యత్నించుచున్నాము.

శ్రీమద్భగవద్గీత మూడవ అధ్యాయమున భగవానుడు అర్జునునకు కర్మయోగమును బోధించుచు 'లోకసంగ్రహము' అను పదమును వాడెను. జనకుడు మొదలగువారు కర్మచేతనే సిద్ధి పొందిరనియు, లోకసంగ్రహమును చూచియైనను కర్మ చేయుట యుక్తమనియు అచటి భావము. సంగ్రహము అనగా కూర్చి పట్టుట, చెదరిపోకుండ నిలుపుట. లోకమును ఉద్ధరింపుమని గాని, లోకమునకు భిక్ష వేయుమని గాని అచట చెప్పలేదు. ఈ భేదము చిన్నది కాదు. ఉద్ధరించువాడు గట్టుమీద నిలిచి క్రిందివానికి చేయి అందించును. కూర్చి పట్టువాడు తానును ఆ కూర్పులో ఒకడు. అది చెదరిన నాడు తానును చెదరిపోవును.

ఈ అర్థమును గ్రంథములు చదివినవారికంటె బాయి దిగినవారు త్వరగా గ్రహింతురని మా నమ్మకము. భూగర్భ గనిలో బొగ్గు పొరను తొలుచుచు దారులు చేసికొని పోవునపుడు నడుమ నడుమ పెద్ద దిమ్మలను తవ్వక విడిచిపెట్టుదురు. వానిని పిల్లర్లు అందురు. అదియు బొగ్గే. చేతికి అందుచున్నదే, తవ్విన టబ్బు నిండునదే. అయినను విడువవలెను. ఆ విడిచిన బొగ్గే పైకప్పును మోయుచుండును. తరువాతి దశలో ఆ పిల్లర్లను గూడ తీసి, వెనుక కప్పును కూలనిచ్చుచు బయటికి వత్తురు గాని అది వేరు ప్రకరణము. మనుష్యులు పనిచేయుచున్నంత కాలము ఆ విడిచిన భాగమే వారి ప్రాణము. ఊరికి గూడ ఇట్టి కప్పు ఒకటి కలదు. ప్రతివాడును తన కాలమును, తన ఓపికను తుదముట్ట తనకే తవ్వికొనక కొంత విడిచినందువలననే అది నిలుచుచున్నది.

తరతరములుగా ఒకేచోట నున్న పల్లెలలో ఈ విడుచుట ఆచారముగా జరిగిపోవును. పెండ్లికి పందిరి ఎవరు వేయవలెనో, చావునకు పాడె ఎవరు మోయవలెనో అడుగనవసరము లేదు. గోదావరిఖని అట్టి ఊరు కాదు. సింగరేణి చరిత్ర 1889లో ఇల్లందు వద్ద మొదలైనది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. రామగుండము వైపు గనులు తెరచినది 1960 ప్రాంతమున. అంతకు పూర్వము ఇచట గోదావరి ఒడ్డున పల్లెలు, పొలములు, అడవి. ఊరి పేరులోనే నదియు, ఖనియు కలసియున్నవి. కరీంనగరు, ఆదిలాబాదు, వరంగల్లు జిల్లాల పల్లెల నుండియు, దూరపు రాష్ట్రముల నుండియు జనము వచ్చి చేరిరి. పక్క క్వార్టరులో నున్నవాడు మేనమామ కాడు, పాలివాడు కాడు. అయినను అర్ధరాత్రి జ్వరముతో కాగుచున్న బిడ్డను ఎత్తుకొని ఆస్పత్రికి పరుగెత్తినది అతడే. ఇంటి పెద్ద కన్నుమూసి, ఊరి నుండి అన్నదమ్ములు రాకముందే పాడె కట్టినది ఒక పాళీలో పనిచేసిన తోటివారే. రక్తసంబంధము లేనిచోట బంధుత్వమును నిర్మించినది సేవ. దీనికి ఆనాడు స్వచ్ఛంద సేవ యను పేరు ఎవరును పెట్టలేదు.

ఇంతకంటె గొప్ప ఉదాహరణము ఒకటి భూమి లోపల కలదు. గనిలో ప్రమాదము జరిగినపుడు అందరును పైకి వచ్చుచుండగా లోపలికి పోవువారు కొందరు కలరు. వారినే రెస్క్యూ సిబ్బంది అందురు. రామగుండమున మైన్స్ రెస్క్యూ స్టేషను కలదు. అచట సదా ఉండువారు కొందరే. తక్కిన వారు గనులలో తమ తమ పనులు చేసికొనుచునే, ఆరోగ్య పరీక్షలలో నెగ్గి, శిక్షణ పొంది, పిలుపు వచ్చినపుడు కదలువారు. వారికి భత్యము ఇత్తురు గదా, అది సేవ యెట్లగునని ఒకరు మమ్ము అడిగిరి. భత్యము ఉండును. విషవాయువు నిండిన దారిలోనికి నడచుటకు ఏ భత్యము సరిపడునో ఆ అడిగినవారే చెప్పలేకపోయిరి.

ఆ నడక యెట్లుండునో కొంత తెలిసికొనుట మంచిది. గనిలో అగ్ని రగిలినపుడు గాని, పేలుడు జరిగినపుడు గాని కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడు తాను కూలిపోవుచున్నానని ఎరుగక ముందే కూలిపోవును. కనుక రెస్క్యూ బృందమువారు వీపునకు శ్వాసయంత్రములు కట్టుకొని పోవుదురు. వదలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును ఆ యంత్రము హరించి, ప్రాణవాయువును చేర్చి మరల అందించును. అది కొన్ని గంటలకే సరిపడును. లోపలికి పోవుటకు ముందు మంచి గాలి యున్న చోట ఒక స్థావరము ఏర్పరుతురు. అచట రెండవ బృందము సర్వసన్నద్ధమై నిలిచిన పిదపనే మొదటి బృందము కదలును.

ఇందు రెండు సూక్ష్మములు కలవు. మొదటిది, బృంద నాయకుడు అప్పుడప్పుడు ఆగి ఒక్కొక్కరి యంత్రములో ఎంత ప్రాణవాయువు మిగిలియున్నదో చూచును. అందరిలో ఎవరికి తక్కువ మిగిలియున్నదో వాని లెక్కనుబట్టియే బృందమంతయు వెనుకకు మరలవలెను. బలవంతుడు 'నాకింకను ఉన్నది, నేను పోయెదను' అని ముందుకు సాగరాదు. ఎంతయో ఉత్సాహముతో ప్రారంభమైన సేవా సంఘములు రెండేండ్లలో చెదరిపోవుటకు ఈ నియమము తెలియకపోవుటయే కారణమని మాకు తోచును. ధనము గలవాని వేగముతో, తీరిక గలవాని వేగముతో సంఘము నడచినచో తక్కినవారు సిగ్గుపడి మెల్లగా జారుకొందురు. రెండవ సూక్ష్మము స్థావరమున నిలిచిన బృందమును గూర్చినది. వారు చాలసార్లు లోపలికి పోవుటయే తటస్థింపదు. యంత్రములు ధరించి, కూర్చుండి, లేచి ఇంటికి పోవుదురు. కాని వారు అచట లేనిచో మొదటివారికి కదలుటకు అనుమతియే లేదు. దేవాలయమున చెప్పులు కాచువాడు, ఉత్సవము నాడు నీటి డ్రమ్ముల వద్ద నిలిచి గర్భాలయ దర్శనమే చేసికొనలేనివాడు తమ పని చిన్నదని బాధపడినపుడు మేము ఈ రెండవ బృందమును తలచుకొమ్మని చెప్పుచుందుము. ఉడుత కథ చెప్పవచ్చును గాని అది చెప్పి చెప్పి అరిగిపోయినది.

ఇంత చేసినను ప్రాణములు దక్కునను నిశ్చయము లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు అసువులు బాసిరి. ఈ ప్రాంతము ఆ దినమును మరువలేదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుపడిరి. వారు జార్ఖండు, ఉత్తరప్రదేశము, పంజాబు, జమ్ముకాశ్మీరములకు చెందినవారు. సింగరేణి రెస్క్యూ బృందములు సైన్యముతోను, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళముతోను కలసి వారముల తరబడి బురదలో, నీటిలో శ్రమించిరి. ఒక్కరిని గూడ సజీవముగా తేలేకపోయిరి. మార్చి మాసమున రెండు భౌతికకాయములు వెలికి వచ్చినవి. ఇది వ్యర్థశ్రమయా? ఫలితము నీ చేతిలో లేదను గీతావాక్యమును సుఖముగా కూర్చుండి వినునపుడు మనకది తేలికగా నుండును. సొరంగము ముఖము వద్ద అది తేలిక కాదు. అయినను ఎన్నడును చూడని రాష్ట్రములో, ఎన్నడును చూడని తల్లికి, బిడ్డ దేహమైనను అందవలెను, అంత్యక్రియలైనను జరుగవలెను అని బొగ్గుబాయి మనిషి దిగినాడు. కర్మఫల త్యాగము అనగా ఏమో తెలియగోరువారికి మేము దీనికంటె విశదమైన వ్యాఖ్యానమును చూపలేము.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వత్తము. తీరిక లేదన్నారు. భాగవతము నవమ స్కంధమున రంతిదేవుని కథ కలదు. ఆ రాజు నలుబదియెనిమిది దినములు నీరు సైతము లేక కుటుంబముతో కృశించి, మరునాడు దైవికముగా లభించిన అన్నమును, పాయసమును, నీటిని భుజింపబోవు తరుణమున అతిథులు వరుసగా వచ్చిరి. మొదట బ్రాహ్మణుడు, పిదప శూద్రుడు, ఆపై కుక్కలతో కూడిన మరియొకడు. ఆహారము అంతయు అయిపోయినది. మిగిలిన గుక్కెడు నీటిని త్రాగబోవుచుండగా సమాజము అంటరానివాడని త్రోసివేసిన ఒకడు దాహమని అడిగెను. రంతిదేవుడు దానిని గూడ ఇచ్చివేసెను. తనకు మోక్షము వలదు, సకల ప్రాణుల దుఃఖమును తానే అనుభవించి వారిని దుఃఖరహితులను చేయవలెనని మాత్రమే కోరెను. ఈ కథను రాజుగారి దాతృత్వముగా చెప్పుట పరిపాటి. మేము చూచునది వేరొకటి. అతడిచ్చినది మిగులు కాదు, తనకు కొరతగా నున్నదే.

బొగ్గుగనుల సీమలో కొరతగా నున్నది ధనముకంటె నిద్ర. రాత్రి పాళీ చేసి ఉదయము ఇల్లు చేరినవాడు రక్తము కావలెనని కబురు రాగా మరల చొక్కా తొడిగికొని పోయినచో అతడిచ్చినది రక్తము మాత్రమే కాదు. మధ్యాహ్నము పాళీకి పోవలసిన వాని ఇల్లాలు ఉదయము వంట ముగించి పక్కింటి వృద్ధురాలిని ఆస్పత్రికి తీసికొనిపోయినచో ఆ ఇంట ఆ దినము మరి ఏదో పని నిలిచిపోవును. ఈ దానములకు రశీదు లేదు. సేవకు మస్టరు పడదు. పాళీలవారు తీరిక లేనివారమని అనుకొందురు గాని, ఈ ఊరిలో ఇంతవరకు సేవ చేసినవారందరును తీరిక లేనివారే. కనుక 'తీరిక దొరికినపుడు చేసెదము' అను సంకల్పము సహృదయముతో చేసినదైనను, దానిని మేము నమ్ముట మానినాము.

ఒక్కొక్కప్పుడు సేవకుని చిన్న పనిపై అనేకుల ప్రాణములు ఆధారపడియుండును. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించునపుడు పన్నెండేండ్లకొకసారి గోదావరికి పుష్కరములు వచ్చును. 2015లో వచ్చినవి. అప్పుడు తొలి దినమైన జూలై 14న రాజమహేంద్రవరమున త్రొక్కిసలాట జరిగి 27 మంది భక్తులు మరణించిరి. స్నానమునకై భక్తితో వచ్చినవారే. మరల 2027లో పుష్కరములు రానున్నవి. మన గోదావరిఖని రేవులకును, మంథని, ధర్మపురి, కాళేశ్వరములకును జనము తరలివచ్చును. జనసమ్మర్దములో అపాయము జరుగుట చాలవరకు ఇట్లుండును. వచ్చు దారియు పోవు దారియు ఒకటే యగును. ముందున్నవారు ఆగిపోయినది వెనుకనున్నవారికి తెలియదు. వారు నెట్టుచునే యుందురు. అచట కావలసినది బలము గల కావలివాడు కాదు. ముందు జరుగుచున్నది వెనుకకు కేకవేసి చెప్పు మనిషి, పోవు దారిలో ఎవరిని కూర్చుండనీయని మనిషి, తప్పిపోయిన పిల్లవానిని ఒకేచోట కూర్చుండబెట్టుకొని కదలని మనిషి కావలెను. ఇట్టివారు ఆ ఉదయమే తయారు కారు. రేవు మెట్లు ఎన్ని, పాకుడు ఎచట పట్టును, లోతు ఎచట మొదలగును అను సంగతులు ముందే తిరిగి చూచిన స్థానికులే ఈ పనికి తగినవారు. తిరుమలలో 2000వ సంవత్సరము నుండి శ్రీవారి సేవ పేర క్యూలలోను, అన్నప్రసాదము వద్దను భక్తులే సేవ చేయుచున్నారు. మనవద్ద అంతటి ఏర్పాటు అవసరము లేకపోవచ్చును గాని, ముందుగా పేర్లు వ్రాసికొని పనులు పంచుకొను పద్ధతి అచట నేర్చుకొనదగినది.

మరియొక సేవను గూర్చి చెప్పుటకు కొంత సంకోచించితిమి. అది మరణము జరిగిన ఇంట చేయవలసినది. గోదావరిఖని ప్రాంతమున సదాశయ ఫౌండేషన్ వంటి సంస్థలు నేత్ర, అవయవ, శరీర దానములను గూర్చి ప్రచారము చేయుచున్నవి. నేత్రదానమున తీసికొనునది ముఖ్యముగా కంటిముందుండు పారదర్శకమగు పొర, కార్నియా. మరణించిన ఆరు గంటలలోపల తీయవలెను. అందుకు అరగంట మించి పట్టదు. ముఖము వికృతము కాదు. అంత్యక్రియలకు ఆలస్యము లేదు. కళ్ళద్దములు వాడినవారు, మధుమేహము గలవారు గూడ ఇయ్యవచ్చును. చూపు లేని ఇరువురికి చూపు వచ్చునట్టి అవకాశము కలుగును. బ్రతికియుండగా పత్రము వ్రాయకపోయినను ఇంటివారి సమ్మతి చాలును. నేత్రనిధివారు వచ్చువరకు కనురెప్పలు మూసి, తడి దూది వేసి, తల క్రింద దిండు పెట్టి, ఫ్యాను ఆపవలెను.

ఇవి అన్నియు తెలిసినను ఇల్లాలు ఏడ్చుచున్న వేళ ఈ మాట ఎవరు ఎత్తగలరు? వైద్యుడు ఎత్తలేడు, అపరిచితుడు ఎత్తరాదు. ఆ ఇంటితో ఇరువది ఏండ్ల పరిచయము గల పొరుగువాడు, 'వదినా' అనియో 'అక్కా' అనియో పిలువగలవాడు మెల్లగా అడుగగలడు. వారు వలదన్నచో ఒక్కమాట గూడ పొడిగింపక ఏర్పాట్లలో సాయపడవలెను. కన్నులిచ్చిన మరు జన్మలో గ్రుడ్డివారగుదురను భయము కొందరిలో కలదు. శ్రీకాళహస్తిలో ప్రతి భక్తుడును కన్నప్పకు నమస్కరించును. లింగము కంట నెత్తురు కారుట చూచి తన కన్ను పెకలించి పెట్టినవాడతడు. దధీచి వెన్నెముకను ఇచ్చెను, శిబి దేహమాంసమును కోసి ఇచ్చెను. వీరెవరును మరు జన్మలో వికలాంగులైరని పురాణములు చెప్పలేదు. కన్నప్ప బ్రతికియుండగా ఇచ్చినాడు. మనలను అడుగుచున్నది కాష్ఠములలో కాలిపోవు దానిని మాత్రమే.

సేవకు గూడ రోగములు కలవు. పండ్లు పంచుచు ఫోటో దిగుట ఒకటి. రోగి ముఖము కనపడునట్లు దిగుట మరియు చెడ్డది. తీసికొనువాడు ఆ చిత్రమును తన పిల్లలు చూతురని ఎంత కుంగునో ఇచ్చువానికి తెలియదు. తన కులమువారికే, తన సంఘమువారికే చేయుట మరియొకటి. బాయిలో కప్పు కూలునపుడు అది యూనియను జెండా చూడదు, కులము చూడదు. లోపల అందరితో భుజము కలిపి పనిచేసి, పైకి వచ్చి స్నానము చేయగానే ఎవరి గుంపు వారిదే యగుట మాకు వింతగానే కాక బాధగాను ఉండును.

ఈ విషయములను ఇపుడు చెప్పుటకు కారణము కలదు. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండిరి. నేడు ఉన్నవారు సుమారు 40 వేలు. యంత్రములు వచ్చినవి, ఓపెన్‌కాస్టులు పెరిగినవి. ఒకే గనిలో ఇరువది, ముప్పది ఏండ్లు కలసి దిగిన తరము పదవీ విరమణ చేసి వెళ్ళిపోవుచున్నది. వారి స్థానమున కాంట్రాక్టు కార్మికులు వేలాదిగా వచ్చిరి. వీరిలో అనేకులకు కాలనీ లేదు, క్వార్టరు లేదు, అద్దె గదియే. వీరి పక్కింటివారికి వీరి పేరు గూడ తెలియకపోవచ్చును. ఒక తరమువారికి పాళీయే బంధువర్గమును ఇచ్చినది. వీరికి అది దొరకుట లేదు. ఆనాడు పేరు లేకుండ జరిగిన సేవను ఈనాడు పేర్లు వ్రాసికొని చేయవలసివచ్చుటకు ఇదియే హేతువు.

కనుక దేవాలయమున ఒక పుస్తకము ఉంచదలచితిమి. అందు పేరు, రక్తవర్గము, ఫోను నంబరు, ఈ వారము ఏ పాళీ యను నాలుగు విషయములు చాలును. పుష్కరముల రేవు పనికి వేరుగా పేర్లు తీసికొందుము. ఆస్పత్రికి తోడు పోవుటకును, మరణము జరిగిన ఇంటికి పోవుటకును వేరు వేరు పుటలుండును. రెండవదానికి నలుబది ఏండ్లు దాటినవారైన మేలు. కాంట్రాక్టు పనివారును, అద్దె గదులలో నున్నవారును సాయము చేయుటకే గాక సాయము కోరుటకు గూడ తమ పేర్లు వ్రాయవచ్చును. చందా లేదు. రాత్రి పాళీ వారములో నున్నవారిని పగటి పనికి పిలువము. అట్టివారు మొహమాటముతో వచ్చినను పుస్తకము చూచి తిరిగి ఇంటికి పంపుదుము. వారు ఆ పూట నిద్రపోవలెను, మరల బాయి దిగవలసినవారు.